గన్నవరం నుంచి విశాఖకు విమానంలో ఎంత దూరం? ఎంత సేపు?

ఈ సంచికకు అందిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే ప్రయాణానికి సంబంధించినవి. విజయవాడ, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య దూరం ఎంత, ఆ దూరానికీ టికెట్టు మీద కనిపించే సమయానికీ లెక్క ఎందుకు కుదరదు అన్నవే వాటిలోని ప్రధాన సందేహాలు. అందుచేత ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయించి, ఒకే రకమైన ఉత్తరాలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: విజయవాడ నుంచి విశాఖకు 350 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మా అబ్బాయి ఫోనులో చూసి, విమాన దూరం 290 అన్నాడు. ఇంకోచోట 180 అని, మరోచోట 157 అని ఉందట. వీటిలో ఏది నిజం? 290 నిజమైతే మిగతా అరవై కిలోమీటర్లు ఏమయ్యాయి?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ అబ్బాయి చూసిన మూడు అంకెలూ సరైనవే, పైగా మూడూ ఒకే దూరాన్ని చెబుతున్నాయి. 290 కిలోమీటర్లను మైళ్ళలోకి మారిస్తే 180, నాటికల్ మైళ్ళలోకి మారిస్తే దాదాపు 157 వస్తుంది. విమానాలు, ఓడలు నడిపేవారు వాడేది నాటికల్ మైలు. దాని పొడవు 1,852 మీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం భూమి మీద దాదాపు ఇంతే దూరం ఉంటుంది కాబట్టి, పటం మీద కొలుచుకోవడానికి వారికి అది అనువైనది. ఏ కొలతో చెప్పకుండా అంకె ఒక్కటే వేసి ఊరుకోవడం వల్ల చూసేవారికి ఈ తికమక తప్పడం లేదు.

290 ఎలా వచ్చిందో మీరే కాగితం మీద లెక్కకట్టి చూడవచ్చు. గన్నవరం విమానాశ్రయం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 డిగ్రీల దగ్గర ఉంది. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు కాబట్టి, డిగ్రీకి 110.7 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి 132 కిలోమీటర్లు వెళ్ళాలి. రేఖాంశాల తేడా 2.42 డిగ్రీలు. రేఖాంశాల మధ్య ఎడం ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది గనుక మన ప్రాంతంలో డిగ్రీకి 106.4 కిలోమీటర్లే వస్తాయి, అంటే తూర్పుకు దాదాపు 258 కిలోమీటర్లు. ఈ రెంటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం 290 కిలోమీటర్లు తేలుతుంది. ఇంత తక్కువ దూరానికి భూమి గుండ్రంగా ఉండడం వల్ల వచ్చే తేడాను పట్టించుకోనక్కరలేదు. హైదరాబాదు నుంచి అమెరికాకు లెక్క వేసేటప్పుడు మాత్రం ఈ బడి లెక్క పనికిరాదు.

ఇక ఆ అరవై కిలోమీటర్ల సంగతి. అదంతా రైలు పట్టాల వంకరలోనే పోయిందని చాలామంది అనుకుంటారు గానీ, అందులో సగానికి పైన మాత్రమే అలా పోయింది. మిగతాది విమానాశ్రయాలు ఉన్న చోటు వల్ల కలిసివచ్చినది. గన్నవరం విజయవాడకు తూర్పున, అంటే విశాఖ వైపే, ఊరికి దాదాపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. విశాఖ విమానాశ్రయం కూడా రైల్వే స్టేషనుకు పడమరగా, విజయవాడ వైపే ఉంది. రెండు ఊళ్ళూ తమ విమానాశ్రయాలను ఒకదానికొకటి ఎదురుగా పెట్టుకున్నాయన్నమాట. అందుచేత స్టేషను నుంచి స్టేషనుకు తిన్నగా గీత గీస్తే దాదాపు 314 కిలోమీటర్లు వచ్చేది, విమానాశ్రయాల మధ్య 290కి తగ్గింది. ఆ 314కీ రైలు వెళ్ళే 350కీ మధ్య ఉన్న తేడా మాత్రమే పట్టాల వంకర. ఇందులో గమనించవలసిన భాగం రాజమహేంద్రవరం తరువాత కనిపిస్తుంది: రైలు అక్కడి నుంచి దాదాపు తూర్పుకు సామర్లకోట దాకా వెళ్ళి, ఆ తరువాత గాని ఈశాన్యానికి తిరిగి అన్నవరం, తుని వైపు పోదు. గాలిలో గీసిన గీత కూడా మీ ఏలూరు పక్క నుంచే బయలుదేరి, రాజమహేంద్రవరం దగ్గర గోదావరిని దాటి, సామర్లకోటను కుడివైపు విడిచి తునికి దగ్గరగా వెళ్తుంది. విమానం ఆ గీత మీదే పోతుందన్న హామీ లేదు గానీ, ఆకాశం తేటగా ఉన్న రోజున కిటికీ పక్క కూర్చున్నవారు గోదావరి వంతెనల కోసం చూడవచ్చు.

ప్రశ్న: పంకాలతో నడిచే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుందంటారు. ఆ లెక్కన 290 కిలోమీటర్లకు 35 నిమిషాలు చాలు. జెట్ విమానమైతే 21 నిమిషాల్లో చేరాలి. మరి టికెట్టు మీద గంట, గంటా పది నిమిషాలు అని ఎందుకు వేస్తారు?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ భాగహారం సరిగానే ఉంది, అయితే ఆ భాగహారం విమానం మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో పోతుందని అనుకుంటోంది. టికెట్టు మీద ఉన్న సమయమూ గాలిలో ఉండే సమయమూ ఒకటి కావు. బయలుదేరే చోట చక్రాలకు పెట్టిన అడ్డుదిమ్మలు తీసి విమానం కదిలిన క్షణం నుంచి, దిగిన చోట నిలిచి మళ్ళీ దిమ్మలు పెట్టే క్షణం దాకా ఉన్న కాలాన్ని విమానయాన రంగంలో బ్లాక్ టైం అంటారు. టైంటేబుల్లో వేసేది దీన్నే. చక్రాలు నేలను విడిచిన దగ్గర నుంచి తిరిగి తాకే దాకా ఉన్నది గాలిలో గడిపిన కాలం. పైలట్ మైకులో "మన ప్రయాణ సమయం నలభై నిమిషాలు" అని ప్రకటించేది సాధారణంగా ఈ రెండోదాని గురించి. రెంటినీ కలిపి చూసేసరికి ఎవరో అబద్ధం చెబుతున్నట్టు అనిపిస్తుంది.

నేల మీద పోయే సమయం చిన్నదేమీ కాదు. విమానం నిలిచిన చోటు నుంచి రన్‌వే చివరికి నడిచిపోవాలి. పక్కన సమాంతరంగా విమానం నడిచిపోయే బాట (టాక్సీవే) పూర్తిగా లేని విమానాశ్రయాల్లో రన్‌వే మీదే ఆ చివరి దాకా వెళ్ళి, అక్కడ వెనక్కి తిరిగి, అప్పుడు పరుగు మొదలుపెట్టాలి. మూడు కిలోమీటర్ల రన్‌వేను గంటకు 30 కిలోమీటర్ల వేగంతో దాటడానికే ఆరు నిమిషాలు పడుతుంది, ఆ ఆరు నిమిషాలూ ఇంకో విమానం దిగడానికి గాని లేవడానికి గాని వీలుండదు.

గాలిలోకి లేచాక కూడా మీరు చెప్పిన వేగం వెంటనే అందదు. పది వేల అడుగుల లోపు విమానాలు సాధారణంగా 250 నాట్లకు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు వేగం), అంటే గంటకు 463 కిలోమీటర్లకు మించకూడదు. ఆపైన జెట్ వేగం అందుకుంటుందనుకున్నా, ఇంత చిన్న దూరంలో దానికి దిగే వేళ వెంటనే వచ్చిపడుతుంది. దిగడానికి పైలట్లు మనసులో వేసుకునే మోటు లెక్క ఒకటి ఉంది: ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకూ మూడు నాటికల్ మైళ్ళు. 20,000 అడుగుల ఎత్తు నుంచి దిగాలంటే 60 నాటికల్ మైళ్ళ ముందు, అంటే 111 కిలోమీటర్ల ముందే కిందికి మొదలుపెట్టాలి. ఆ ఎత్తుకు ఎక్కడానికి ఇంచుమించు 80 నుంచి 100 కిలోమీటర్లు పోయి ఉంటాయి. 290లో ఈ రెండూ తీసేస్తే సమానమైన ఎత్తులో పూర్తి వేగంతో పోవడానికి మిగిలేది వంద కిలోమీటర్ల లోపే. ఎయిర్‌బస్ ఏ320 గంటకు 830 కిలోమీటర్లు పోగలదన్న మాట నిజమే అయినా, ఆ శక్తి ఇక్కడ ఆరేడు నిమిషాల సేపు మాత్రమే అక్కరకు వస్తుంది. ఏటీఆర్ తక్కువ ఎత్తులోనే ప్రయాణిస్తుంది గనుక ఎక్కడంలో, దిగడంలో నష్టపోయేది తక్కువ. అందుకే ఈ రెంటి మధ్య వేగంలో ఉన్నంత తేడా టైంటేబుల్లో కనిపించదు. ఐదు పది నిమిషాల దగ్గర ఆగిపోతుంది. ఇదే విమానాలను హైదరాబాదు నుంచి తిరుపతికి, అంటే దాదాపు 417 కిలోమీటర్లకు నడిపి చూస్తే జెట్ కొంత ముందుకు వస్తుంది. విశాఖ నుంచి ఢిల్లీకైతే ఏటీఆర్‌ను ఎవరూ తలపెట్టరు. చిన్న దూరాలకు పంకాల విమానాన్ని చూసి ముఖం చిట్లించేవారు ఈ సంగతి గమనించాలి. ఏటీఆర్ 72 పొట్టి రన్‌వేల నుంచి కూడా లేవగలదు, డెబ్బై ఎనభై మందితో నిండిపోతుంది, ఇంధనం తక్కువ తాగుతుంది. ఇలాంటి మార్గానికి దానికంటే పెద్ద విమానం గొప్పకే గాని అవసరానికి కాదని మా అభిప్రాయం.

గాలి కూడా తన వంతు తీసుకుంటుంది. గంటకు 500 కిలోమీటర్లు పోయే విమానానికి ఎదురుగాలి 50 కిలోమీటర్లుంటే నేల మీది వేగం 450కి తగ్గి 290 కిలోమీటర్లకు దాదాపు 39 నిమిషాలు పడుతుంది. అదే గాలి వెనుక నుంచి తోస్తే 32 నిమిషాలు చాలు. ఒకే దారిలో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ సమయం వేరుగా ఉండడానికి ఇది ఒక కారణం.

ప్రశ్న: విశాఖలో దిగేటప్పుడు కొన్నిసార్లు విమానం తిన్నగా దిగిపోతుంది. కొన్నిసార్లు సముద్రం మీదికి వెళ్ళి, వెనక్కి తిరిగి ఊరి మీదుగా వచ్చి దిగుతుంది. ఇంత చుట్టు ఎందుకు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవాలని, ఎదురుగానే దిగాలని చూస్తుంది. అలా చేస్తే తక్కువ నేల వేగంతో, తక్కువ పరుగుతో పని జరుగుతుంది. విశాఖ రన్‌వే ఒక చివర 10 అని, మరో చివర 28 అని రాసి ఉంటుంది. అవి దిక్సూచి డిగ్రీలు, చివరి సున్నా తీసివేసి రాసినవి: 10 అంటే 100 డిగ్రీలు, దాదాపు తూర్పు, 28 అంటే 280 డిగ్రీలు, దాదాపు పడమర. గన్నవరంలో అవి 08, 26. గన్నవరం నుంచి విశాఖ ఉన్న దిశ దాదాపు 63 డిగ్రీలు, అంటే ఈశాన్యానికి కొంచెం తూర్పుగా.

తూర్పు గాలి వీచే రోజున అంతా కలిసివస్తుంది. విమానం గన్నవరంలో తూర్పుకు లేచి, కొద్దిగా ఎడమకు తిరిగి దారిన పడుతుంది. విశాఖలో పడమటి నుంచి వచ్చి 10 మీద దిగిపోతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి గాలి ఉన్నప్పుడు దీనికి పూర్తిగా తలకిందులు. గన్నవరంలో విజయవాడ వైపు లేచి వెనక్కి తిరగాలి, విశాఖలో ఊరిని దాటి సముద్రం మీదికి వెళ్ళి తిరిగి పడమటి ముఖంగా 28 మీద దిగాలి. దారి మధ్యలో అదే గాలి వెనుక నుంచి తోసి రెండు మూడు నిమిషాలు మిగిల్చినా, రెండు చివర్లా ఈ తిరుగుళ్ళకు పది నిమిషాల దాకా పోవచ్చు. ఉత్తరాన సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ ఉండగా అడ్డదారిన మలుపు తిప్పడానికి వీలుండదు, నిర్ణయించిన బాటనే రావాలి. దీనికి తోడు అది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా స్థావరం. పౌర విమానాలు ఆ రన్‌వేనే పంచుకుంటున్నాయి. నౌకాదళ విమానాలు గాలిలో ఉంటే కొంతసేపు వేచి ఉండవలసి రావచ్చు.

ప్రశ్న: గంటా పది నిమిషాలని వేసి యాభై ఐదు నిమిషాల్లో చేర్చి, "ముందుగానే చేరుకున్నాం" అని గొప్పగా ప్రకటిస్తారు. సమయాన్ని కావాలనే పెంచి వేస్తున్నారా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కొంత పెంచి వేస్తారు, సందేహం లేదు. పై జవాబులో చెప్పిన గాలి, మలుపు, నిరీక్షణ అన్నీ ఒకే రోజున ఎదురైనా నిలబడగలిగేలా టైంటేబుల్ వేస్తారు గనుక, అవేవీ ఎదురుకాని రోజున ముందుగా చేరడం సహజం. నిర్ణీత సమయానికి పదిహేను నిమిషాల లోపు ఉన్న విమానాలను సకాలంలో నడిచినవిగా లెక్కించి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా వివరాలు ప్రకటిస్తుంది కాబట్టి, ఆ పట్టికలో పైన ఉండాలన్న ఆశ కూడా సంస్థలకు ఉంటుంది. ఇంకో కారణం ఉంది. ఒకే విమానం పొద్దున్నుంచి రాత్రి దాకా అరడజను ఊళ్ళు తిరుగుతుంది. ఉదయం జరిగిన ఆలస్యం సాయంత్రానికి పెరగకుండా ఉండాలంటే అక్కడక్కడా కాస్త వెసులుబాటు ఉంచుకోక తప్పదు. ప్రయాణికుడికి దీనివల్ల నష్టం లేదు, ఆ ప్రకటనకు చప్పట్లు కొట్టవలసిన అవసరమూ లేదు.

ప్రశ్న: నాకు కావలసిన రోజున విజయవాడ నుంచి విశాఖకు నేరుగా విమానం దొరకలేదు. ఫోనులో వెతికితే హైదరాబాదు మీదుగా నాలుగు గంటలకు పైగా చూపించింది. ఇది ఎంత చుట్టు?
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: ముక్కు ఏదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించినట్టే. గన్నవరం నుంచి శంషాబాదుకు సుమారు 264 కిలోమీటర్లు, శంషాబాదు నుంచి విశాఖకు సుమారు 512 కిలోమీటర్లు. మొత్తం 776 కిలోమీటర్లు, అంటే నేరుగా ఉన్న దూరానికి రెండున్నర రెట్లకు పైన. పైగా మొదటి గంట మీరు విశాఖకు వ్యతిరేక దిశలో ప్రయాణిస్తారు. అయినా ఇలా ఎందుకు నడుపుతారంటే, పెద్ద విమానాశ్రయంలో నాలుగు దిక్కుల ప్రయాణికులూ కలుస్తారు గనుక సీట్లు నిండుతాయి. రెండు మధ్యస్థ నగరాల మధ్య నేరుగా నడిపే సర్వీసుకు ఆ రెండు ఊళ్ళవారే దిక్కు. అందుకే ఇలాంటి సర్వీసులు ఒక సీజనులో మొదలై మరో సీజనులో ఆగిపోతుంటాయి. మీరు వెళ్ళే రోజుకు నేరు విమానం ఉందో లేదో టికెట్టు కొనే ముందే చూసుకోవడం అవసరం.

ఈ లోటును పూడ్చడానికే కేంద్ర ప్రభుత్వం ఉడాన్ పథకాన్ని తెచ్చింది. 2017 ఏప్రిల్ 27న ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాదు ఒకటి. ఆ రెండు విమానాశ్రయాల మధ్య సుమారు 304 కిలోమీటర్లు. పథకం ప్రకారం గంట ప్రయాణానికి, అంటే ఇంచుమించు 500 కిలోమీటర్లకు, 2,500 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించి, తక్కువ దూరాలకు అంతకంటే తక్కువ పెట్టారు. అయితే ఆ ధర విమానంలోని అన్ని సీట్లకూ వర్తించదు, ప్రభుత్వ సాయం కూడా ఒక్కో మార్గానికి మూడేళ్ళే. ఆ గడువు తరువాత సర్వీసు నిలుస్తుందా లేదా అన్నది సీట్లు నిండడం మీదే ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: విశాఖ విమానాలు భోగాపురం విమానాశ్రయానికి మారితే దూరం ఎంత పెరుగుతుంది?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: గాలిలో సుమారు 40 కిలోమీటర్లు పెరిగి, గన్నవరం నుంచి 330 కిలోమీటర్ల దగ్గరకు వస్తుంది. విమానానికి అది ఐదు నిమిషాల పని. తేడా నేల మీద ఉంటుంది: అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయం విశాఖకు అవతల, విజయనగరం జిల్లాలో, నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. విజయవాడ నుంచి వచ్చే మీ ప్రాంతంవారు తమ ఊరి మీదుగా ఎగిరిపోయి, దిగి, నగరం దాటుకుని వెనక్కి రావలసి ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వారికి మాత్రం ఇది నిజంగా మేలు.

ప్రశ్న: ఇంతకూ విజయవాడ నుంచి విశాఖకు విమానంలో వెళ్ళడం వల్ల సమయం కలిసివస్తుందా?
– పలువురు పాఠకులు

జవాబు: ఇంటి గడప నుంచి లెక్క వేయండి. బెంజి సర్కిల్ దగ్గర బయలుదేరి గన్నవరం చేరడానికి ముప్పావుగంట పెట్టుకోవాలి. దేశీయ విమానాలకు సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారు గనుక గంటన్నర ముందు అక్కడ ఉండడం క్షేమం. విమానం గంటా పది నిమిషాలు, దిగి సామాను తీసుకోవడానికి ఇరవై నిమిషాలు, బీచ్ రోడ్డు వైపు వెళ్ళడానికి మరో అరగంట నుంచి ముప్పావుగంట. కూడితే నాలుగున్నర గంటల దాకా వస్తుంది. ఇందులో గాలిలో ఉన్నది ముప్పావుగంటే. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాదు–విశాఖ వందే భారత్ విజయవాడ నుంచి విశాఖకు నాలుగు నుంచి నాలుగున్నర గంటల్లో చేరుస్తుంది, రెండు స్టేషన్లూ ఊరి మధ్యలోనే ఉన్నాయి. కాబట్టి నగరం నుంచి నగరానికి వెళ్ళేవారికి విమానం వల్ల మిగిలే సమయం ఏమీ లేదు, చేతి సంచీతోనే వెళ్ళేవారికైతే అరగంట మిగలవచ్చు. గన్నవరం, హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఇల్లుండి, విశాఖలో ఎన్ఏడీ కూడలి దగ్గరో గాజువాకలోనో పని ఉన్నవారికి లెక్క మారుతుంది. వారు విమానానికే మొగ్గు చూపవచ్చు. రైలులో సీటు దొరకని రోజున, టికెట్టు ధర మరీ ఎక్కువ కాని పక్షంలో, మిగతావారు కూడా.